తిరగేసిన లెన్సు, ఇస్త్రీ చేసిన చీర

ముప్పై ఏళ్లు నిండకముందే పని మానేసినదాన్ని. వృత్తి అనుభవాలు రాస్తానంటే మా చెల్లెలు పడీ పడీ నవ్వింది. అయినా రాస్తున్నాను. ధర్మవరంలో ఇప్పుడు వీధికొక స్టూడియో ఉంది. ప్రతి స్టూడియోలోనూ పదో తరగతో ఇంటరో చదివిన అమ్మాయి ఒకతె కెమెరా పట్టుకొని పట్టుచీరల ఫోటోలు తీస్తోంది. ఆ అమ్మాయిలకు ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. నాకూ ఎవరూ చెప్పలేదు. చెప్పనివాళ్ల మీద కోపం తగ్గాక రాద్దామని రెండేళ్లు ఆగాను. అది తగ్గలేదు, ఇక తగ్గేలా కూడా లేదు కాబట్టి కోపంతోనే రాస్తున్నాను.

మాది బత్తలపల్లె. మా నాయన పరుపులు, దిండ్లు కుట్టేవాడు. మా ఇంట్లో దూది తెలుసు గానీ పట్టు తెలియదు. ఇంటరు సగంలో ఆపేసి, ధర్మవరంలో రమణన్న స్టూడియోలో చేరాను. రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. మొదటి ఏడాది పాస్‌పోర్టు ఫోటోలు తీశాను, లామినేషన్ చేశాను. ఆ తర్వాత షావుకార్లు చీరలు ఫోన్లలో అమ్మడం మొదలుపెట్టారు. కొనేవాళ్లు చీర మొత్తం చూసి ఊరుకోవడం లేదు, జరీ చూపించు, నేత చూపించు అంటున్నారు. అప్పటినుంచి తొమ్మిదేళ్లు నా పని ఒకటే. పోగు పోగూ లెక్కపెట్టుకునేంత దగ్గరగా చీరను ఫోటో తీయడం.

లెన్సును తిప్పి బిగించడం

అంత దగ్గర ఫోటోలకు మాక్రో లెన్సని వేరే ఉంటుంది. అది మా స్టూడియోలో ఏనాడూ లేదు. రమణన్న కొననన్నాడు. పెళ్లిళ్లకు వాడే మామూలు లెన్సుతో దగ్గరికి వెళితే, ఒక దూరం దాటాక మొత్తం అలుక్కుపోతుంది. ఏం చేద్దామని అడిగితే అలమారాలోంచి పాత ఫిల్ము కెమెరా లెన్సు ఒకటి తీసి, దాన్ని వెనక్కి తిప్పి, బెంగళూరు నుంచి తెప్పించిన ఒక రింగుతో కెమెరాకు బిగించాడు.

"చూడు మ్మే ఇప్పుడు" అన్నాడు.

చూశాను. జరీ పోగు గడ్డి పేనిన తాడంత లావుగా కనబడింది. లోపలి పట్టు పోగు, దానికి చుట్టిన వెండి రేకు, ఆ రేకు మధ్య సందులు, అన్నీ కనబడ్డాయి. ఆ రోజు నేను అన్నం తినడం మర్చిపోయాను. రమణన్న మీద ఎంత కోపమున్నా ఈ మాట దాచను, పని నేర్పింది ఆయనే.

కొత్త లెన్సును ఇలా తిప్పితే కెమెరాతో దాని సంబంధం తెగిపోతుంది, లోపలి రంధ్రాన్ని పెంచడం తగ్గించడం మన చేతిలో ఉండదు. పాత లెన్సుకైతే రంధ్రాన్ని తిప్పే పట్టీ లెన్సు మీదే ఉంటుంది, వేళ్లతో తిప్పుకోవచ్చు. రంధ్రం పూర్తిగా తెరిచి ఫోకస్ చూసుకొని, తర్వాత తగ్గించి తీయాలి. మరీ తగ్గిస్తే బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. ఫోకస్ కోసం లెన్సును తిప్పి లాభం లేదు, కెమెరానే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరపాలి. ఊపిరి వదిలి, మళ్లీ పీల్చకముందే నొక్కాలి. లెన్సు వెనకవైపు అద్దం బయటికి వచ్చి ఉంటుంది, మన గాలికి నిమిషంలో ఎర్రదుమ్ము పట్టేస్తుంది, ఫ్యాను ఆపండి. లెన్సు బట్టకు ఎంత దగ్గరంటే దాని నీడ దాని మీదే పడుతుంది. పక్కనుంచి వెలుతురు ఇచ్చి, ఎదురుగా థర్మాకోల్ ముక్క నిలబెట్టండి. జరీ మెరుపు చల్లబడాలంటే లైటుకు ట్రేసింగ్ కాగితం అడ్డం పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యమైనది చదును. ఇంత దగ్గరలో ఫోకస్ కాగితం మందం కూడా ఉండదు. బట్ట ఒకచోట కాస్త ఉబ్బితే ఆ చోటు పోయినట్టే. అందుకని చీరను ఇస్త్రీ చేసి, చెక్కకు క్లిప్పులతో లాగి పెట్టేదాన్ని. ఇస్త్రీ నాకు బాగా వచ్చేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా తప్పు ఇందులోనే ఉంది.

నల్లమాడ పెద్దాయన

చీరల మధ్యలో వేరే పనులు కూడా వచ్చేవి. ఒకసారి నల్లమాడ నుంచి ఒక రైతు టిఫిను డబ్బాలో వేరుశనగ ఆకులు పెట్టుకొని వచ్చాడు. ఆకు మీద పురుగు ఉంది, వ్యవసాయాఫీసరుకు ఫోటో పంపాలి, తన ఫోనులో సరిగా పడడం లేదు. నేను తిరగేసిన లెన్సుతో తీసి కంప్యూటర్లో చూపించాను. పెద్దాయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఇది నా చేన్లోదేనా పాపా?"

"మీ డబ్బాలోదే తాతా."

"ఇంత లావు పురుగు తింటాంటే నేను గట్టు మింద బీడీ తాగుతా కూచున్యానా" అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. ఫోన్ చేసి, పురుగు ఎంత ఉందో తెలియకుండా ఏ మందు చెప్పమంటారని అడిగాడు. ఆ ఫోటోలో అది ఆవగింజంతో అరచేయంతో ఎవరికీ తెలియదు. అగ్గిపుల్ల పక్కన పెట్టి మళ్లీ తీశాను. దగ్గరికి వెళ్లేకొద్దీ వస్తువు పెద్దదవుతుంది, అది ఎక్కడిది, ఎంతది అన్న సంగతి ఫోటోలోంచి జారిపోతుంది. ఆ రోజు నేను ఇందులో సగమే నేర్చుకున్నాను, కొలత ఒక్కటే. మిగతా సగం నేర్చుకోలేదు.

చిల్లులు పూడ్చడం

చీర అంచుల్లో, కొసకు ఆనుకొని, సన్నటి చిల్లులు వరసగా కనబడేవి. మామూలు కంటికి దాదాపు కనబడవు. తిరగేసిన లెన్సులో మాత్రం గోడకు మేకులు పీకిన గుంతల్లా ఉండేవి. మొదట్లోనే రమణన్నను అడిగాను.

"అన్నా, ఇవేంటివి?"

"చేతకానోళ్లు నేస్తే అట్లనే ఉంటాది. కొనేటోళ్లకు చిల్లులు చూపిస్తే ఎవురు కొంటారు మ్మే. పూడ్చు."

పూడ్చడం ఎలాగో కూడా చూపించాడు. తడి దూదితో అద్ది, బొటనవేలి గోటితో అటూ ఇటూ మెల్లగా రుద్దితే పోగులు దగ్గరికి జరుగుతాయి. పైన పల్చటి గుడ్డ వేసి గోరువెచ్చగా ఇస్త్రీ పెడితే చిల్లు కనబడదు. నాకు ఆ పని ఎంత బాగా అబ్బిందంటే, మిగతా స్టూడియోలవాళ్లు కూడా అంచుల కోసం నా దగ్గరికి పంపేవాళ్లు. నేను గర్వపడ్డాను. తొమ్మిదేళ్లలో ఎన్ని చిల్లులు పూడ్చానో నాకే తెలియదు.

రమణన్న ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాడు. ఆ చిల్లులేమిటో ఆయనకు తెలియకపోవడం జరిగే పని కాదు. నాకు చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. కొత్త పిల్లకు సగం పని చెప్పి, మిగతా సగం దాచిపెట్టడం మన ఊళ్లలో ఓనర్లకు తెలివితేటల కింద లెక్క. పని మొత్తం తెలిస్తే పిల్ల పక్క స్టూడియోకు పోతుందని భయం. ఆ భయం వల్ల ఎవరి కూడు పోతుందో వాళ్లు ఆలోచించరు.

ఆదిలక్ష్మక్క వచ్చిన రోజు

ఒక రోజు పొద్దున ఒక షావుకారు మనిషి ముదురు వంకాయ రంగు చీర ఒకటి తెచ్చి ఇచ్చాడు.

"అంచు ఒకటి తీయి మ్మే, బాగా దగ్గరగా. వేరేటివి వద్దు" అన్నాడు రమణన్న. ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

వెలుతురు చూసుకోవడానికి ముందు ఒక ఫోటో తీశాను. చిల్లులు కనబడ్డాయి. ఎప్పటిలాగే దూది తడిపాను, రుద్దాను, ఇస్త్రీ పెట్టాను, చెక్కకు బిగించాను. ఆరు ఫోటోలు తీశాను. నా చేత్తో తీసిన వాటిలో అవి మంచివి. అంచు అద్దంలా వచ్చింది.

నెల తర్వాత ఒకావిడ లోపలికి వచ్చింది. నలభై దాటి ఉంటాయి, చేతిలో ఫోను ఉంది. పేరు ఆదిలక్ష్మి అని తర్వాత తెలిసింది. నిలబడే అడిగింది.

"ఈ ఫోటో తీసినోళ్లు ఎవురు?"

"నేనేక్కా."

"బాగా తీసినావు. నా చీరలో ముళ్ల గుర్తులు యాడబోయినాయో కూడా చెప్పు."

నాకు అర్థం కాలేదు. రమణన్న కౌంటరు వెనకనుంచి లేచాడు.

"ఏమమ్మా, చీరలో ఉండేదే ఫోటోలో ఉంటాది. లేనిది మేం యాడనుంచి తెస్తాం."

"లేనిది తెమ్మని ఎవురన్నారప్పా. ఉండేది ఏం చేసినారని అడుగుతాండా."

అప్పుడు ఆమె నాకు చెప్పింది, కోపంగానే అయినా ఓపిగ్గా. మగ్గం మీద నేసేటప్పుడు బట్ట వెడల్పు కుంచించుకుపోకుండా, రెండు అంచులకూ ముళ్లు గుచ్చి ఒక బద్దను అడ్డంగా నిలబెడతారు. జానెడు నేశాక దాన్ని తీసి ముందుకు జరిపి మళ్లీ గుచ్చుతారు. ఆ ముళ్ల గుర్తులే అంచులోని చిల్లులు. ఒక్కో చేతివి ఒక్కో తీరుగా, ఒకటి దగ్గరగా ఒకటి ఎడంగా పడతాయి. చేనేత చీరను గుర్తుపట్టాలంటే షావుకార్లు చూసేది మొదట వాటినే. బెంగళూరు అంగడివాళ్లు వంకాయ రంగు చీరను మరమగ్గం మీద నేసిందన్నారట. వాళ్లకు పంపడానికని షావుకారు అంచు ఫోటో తీయించి చూశాడు. ఒక్క చిల్లూ లేదు. తానిచ్చిన పట్టును ఆమె మరమగ్గం షెడ్డులో నేయించి, చేత్తో నేశానని మోసం చేసిందన్నాడు. ఆమెకు వార్పు ఇవ్వడం ఆపేశాడు. వార్పు అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల కట్ట, అది లేకపోతే మగ్గం ఉత్త కట్టెలు. మాట వీధంతా పాకింది. వేరే షావుకారు ఎవరూ ఇవ్వడం లేదు.

"పదారేండ్లకు మగ్గం గుంతలో దిగినా" అంది. "ఇన్నేండ్లకు నన్ను దొంగను చేసినారు. అదీ ఒక ఫోటో చూపిచ్చి."

"అక్కా, ఆ చిల్లులా. అవి నేనే పూడ్చినా" అన్నాను.

"మేయ్, గమ్మునుండు" అన్నాడు రమణన్న.

ఆమె ఆయన వైపు చూడలేదు. నా కుడిచెయ్యి పట్టుకొని బొటనవేలు తిప్పి చూసింది.

"ఈ గోరుతోనా?"

"ఊ."

చెయ్యి వదిలేసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

నేను కంప్యూటరు దగ్గరికి పరిగెత్తి, వెలుతురు కోసం తీసిన ఆ మొదటి ఫోటో వెతికాను. ఉంది. చీర అప్పటికి ఇస్త్రీ కాలేదు కాబట్టి ముప్పావు వంతు అలుక్కుపోయింది, ఒక్క మూలలో మాత్రం రెండు చిల్లులు స్పష్టంగా ఉన్నాయి.

"దాన్ని తీసెయ్" అన్నాడు రమణన్న.

"ఆ చీర ఎందుకొచ్చిందో నీకు తెల్సు కదన్నా."

"నన్నడిగింది ఫోటో. నేను ఫోటో ఇచ్చినా. వాళ్లూ వాళ్లూ ఏమన్నా చేసుకోనీ."

"పూడుస్తానని నీకు తెల్సు."

"రోజూ పూడుస్తావు, ఆ పొద్దు పూడ్చొద్దని నేను చెప్పల్లనా?"

ఈ మాట నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో. చెప్పాల్సింది ఆయనే. కానీ అడగాల్సింది నేను. తొమ్మిదేళ్లలో ఒక్క నేతగాడి ఇంటికి వెళ్లి మగ్గం చూడలేదు. స్టూడియోకు మగ్గాల వీధి నడిచి వెళ్లేంత దూరం. రోజూ చీర అంచులో కళ్లు పెట్టి కూర్చున్నదాన్ని, ఆ అంచు ఎలా తయారవుతుందో చూడాలని నాకు తోచలేదు. నా మీద నాకున్న కోపం అది.

షావుకారు అంగట్లో

ఫోటో ప్రింటు తీసుకొని ఆమెతో కలిసి షావుకారు అంగడికి వెళ్లాను. రమణన్న వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాడు. పరుపు మీద చీరలు పరిచి ఉన్నాయి, కొనేవాళ్లు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. అందరిముందూ జరిగింది చెప్పాను. షావుకారు ప్రింటు తీసుకొని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది యా చీరది?"

"మీ వంకాయ రంగు చీరదే."

"దీని మింద రాసుండాదా? ఇంత అంచు ముక్క కనపడతాండాది. యా చీరదైనా కావచ్చు."

"చీర తెప్పించు సామీ" అంది ఆదిలక్ష్మక్క. "ఈ పాప రుద్దింది జానెడు. మిగతా అంచంతా నా గుర్తులే ఉంటాయి."

"అది రోలింగుకు పోయొచ్చింది. అమ్ముడు కూడా అయిపాయె."

రోలింగంటే చీర మొత్తాన్నీ వేడి రోలర్ల మధ్య నడిపి మెరుగుపెట్టడం. దాంతో ఉన్న గుర్తులూ అణిగిపోతాయి. ఇక్కడ ఒక సంగతి చూడండి. మరమగ్గం చీరని నిందవేసి, అదే చీరను మెరుగుపెట్టి ఇంకెవరికో అమ్మేశాడు. ఏ చీరగా అమ్మాడో ఎవరూ అడగలేదు. నేను అడిగాను.

"చేనేత అని అమ్మినారా, మరమగ్గందని అమ్మినారా?"

అంగట్లో కూర్చున్న ఒకావిడ తలెత్తింది. షావుకారు ముఖం మాడిపోయింది.

"ఏమ్మా, నీ ఫోటో ఆ పొద్దు అబద్ధం, ఈ పొద్దు నిజమా? పో, నాకు పనుండాది."

"నన్ను నీ ఎదురుగా మగ్గం మింద కూచోబెట్టు" అంది ఆదిలక్ష్మక్క. "నేసి చూపిస్తా."

అతను పరుపు మీది చీర మడతపెట్టి కొనేవాళ్ల వైపు తిరిగాడు.

నల్లమాడ పెద్దాయన దగ్గర నేను నేర్చుకోని సగం ఇదే. ఇది మీరు నేర్చుకోండి. మొదటి ఫోటో వస్తువు మొత్తం పడేలా, అది ఎవరిదో రాసిన చీటీతో సహా తీయండి. రెండోది చేతితో అంచు పట్టుకొని, ఏ చోటో తెలిసేలా. ఆ తర్వాతే లెన్సు తిప్పండి. ఈ మూడింటి మధ్య వస్తువును సవరించవద్దు. వచ్చింది వచ్చినట్టు తీశాకే దూదీ ఇస్త్రీ. మొదట తీసినవి చెరపవద్దు, ఓనరు చెప్పినా చెరపవద్దు. ఎందుకు తీయిస్తున్నారో చెప్పకపోతే కెమెరా పట్టుకోవద్దు. అమ్మకానికి తీసే ఫోటో వేరు, ఒకరి మీద నింద తేల్చడానికి తీసే ఫోటో వేరు. రెండూ ఒకే లెన్సుతో తీస్తాం కాబట్టి రెండూ ఒకటే అనుకున్నాను నేను. జనం మన మాట నమ్మకపోయినా దగ్గర ఫోటోను నమ్ముతారు. కంటికి కనబడనిది కనబడుతుంది కదా, అందుకని దేవుడు చెప్పినట్టు నమ్ముతారు. దాని వెనక తడి దూదీ గోరూ ఉన్నాయని వాళ్లకు తెలియదు.

కాగితం

మర్నాడు రమణన్నకు తాళాలు ఇచ్చేశాను. ఇవ్వకముందు స్టూడియోలోనే కూర్చొని ఒక తెల్లకాగితం మీద రాశాను. ఫలానా చీర అంచులోని ముళ్ల గుర్తులను నేను గోటితో రుద్ది, ఇస్త్రీ పెట్టి పూడ్చాను, నేత నేసినామె తప్పు లేదు అని. కింద సంతకం చేసి ఊరి పేరు కూడా రాశాను.

"ఆ కాయితం బయటికి పోతే మన స్టూడియోకు ఇంకెవురొస్తారు మ్మే" అన్నాడు రమణన్న. మొదటిసారి ఆయన గొంతులో భయం విన్నాను. ఆదిలక్ష్మక్క మగ్గం ఖాళీగా ఉన్నన్నాళ్లూ రాని భయం అది.

కాగితం ఆమెకు ఇచ్చాను. ఆమె దాన్ని పట్టుకొని అంగడి అంగడికీ తిరిగింది. కొందరు చదవకుండానే వెనక్కి ఇచ్చారు. ఒకతను చదివి నవ్వాడట. నెలలు గడిచాక, వేరే వీధిలో ఒక షావుకారు వార్పు ఇస్తానన్నాడు, ఒక షరతు మీద. చీర మగ్గం నుంచి కోసేదాకా తన మనిషి ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి చూసి పోతాడు. ఆమె ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది. పాత షావుకారు ఇప్పటికీ తన మాట వెనక్కి తీసుకోలేదు. రమణన్న స్టూడియోలో ఇప్పుడు ఇంకో అమ్మాయి చేరింది, గోరంట్ల వైపు నుంచి వచ్చిందట. ఈ రాత ఆమె కంటపడాలని నా కోరిక.

వార్పు ఎక్కించిన వారానికి నేను ఆదిలక్ష్మక్క ఇంటికి వెళ్లాను. ఏం చెప్పాలో తెలియక గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆమె మగ్గం గుంతలో కూర్చొని నేస్తోంది. షావుకారు మనిషి అప్పుడే వచ్చి వెళ్లాడట, టీ తాగిన గ్లాసు గట్టు మీద ఉంది.

"రా, కూచో" అంది తలెత్తకుండా. "వచ్చినావు గదా అని నేను మర్చిపోయినాననుకోవద్దు."

"లేదక్కా."

"వాడు పొద్దున ఒకతూరి, మధ్యాన్నం ఒకతూరి వస్తాడు. దొంగోళ్లను చూసినట్ల చూస్తాడు. నా చేతులు వణుకుతాండాయి. ఇన్నేండ్లలో ఎప్పుడూ వణకలేదు."

ఆమె నేత ఆపి, అంచుల్లోంచి ముళ్ల బద్ద పీకింది. నేసిన మేర ముందుకు జరిపింది. ఎడమవైపు తాను గుచ్చి, కుడికొసను నా వైపు చూపించింది.

"ఇట్లరా. గుచ్చు."

"నేనా అక్కా?"

"నువ్వే."

బద్ద పట్టుకున్నాను. పట్టు బిగువుగా ఉంది. ముళ్లు అంచుకు ఆనించి ఆగిపోయాను. కొత్త బట్ట, ఎర్రటి అంచు, ఎక్కడా చిన్న గీత కూడా లేదు.

"చిల్లు పడుతుందేమో అక్కా."

"పడనీ" అంది. "గట్టిగా గుచ్చు."